మౌనం పూర్ణాంగీకారం

వ్యాపార ఖాతాదారులకు అరువు ఎంత ఇవ్వవచ్చు, ఎన్ని రోజుల గడువుతో ఇవ్వవచ్చు, ఎవరి సంతకంతో ఇవ్వవచ్చు అన్న విషయాలపై ఒక సంస్థ తయారుచేసుకున్న ఆమోద నియమాల ముసాయిదా, అభిప్రాయం చెప్పమన్న కోరికతో, మొన్న శుక్రవారం సాయంత్రం నాకు అందింది. 34 పేజీల ఆ గ్రంథంలో 33 పేజీలను నేను క్షమించగలిగాను. మిగిలిన ఒక్క పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, ఇలా ఉంది: "ఆమోదించవలసిన అధికారి 48 గంటల్లోగా స్పందించని పక్షంలో, అభ్యర్థన ఆమోదం పొందినట్టుగానే పరిగణించబడుతుంది."

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. వారికి సాఫ్ట్‌వేర్ లేదు కనుక సగం దగ్గరే ఆగిపోయారు. అయిదంచెల ఆమోద వ్యవస్థలో అయిదుగురూ నోరు మెదపకపోతే పాత లెక్కన రెండున్నర అంగీకారాలే వస్తాయి. కొత్త లెక్కన నిండుగా అయిదు, అదీ ఆడిటర్‌కు చూపించుకోవడానికి తేదీ, సమయం, పచ్చ టిక్కు గుర్తుతో సహా. నోరు తెరిచి మాట్లాడే అధికారుల నుంచి ఇంత ఏకగ్రీవమైన ఆమోదం ఏ సంస్థా ఏనాడూ రాబట్టలేకపోయిందన్న సంగతి మీకు తెలియనిది కాదు.

ఈ నిబంధన పనిచేసే తీరును ఒక్కసారి కళ్ల ముందు నిలుపుకుందాం. శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు, ఒక ఖాతాదారు క్రెడిట్ లిమిట్‌ను, అంటే అరువు పరిమితిని, మూడింతలు చేయమని కోరుతూ అమ్మకాల విభాగం ఒక అభ్యర్థన పెడుతుంది. కారణం రాయవలసిన గడిలో "అత్యవసరం" అని ఉంటుంది. బ్యాలెన్స్ షీటు జతచేశామంటారు. తెరిచి చూస్తే ఆ ఖాతాదారు సంస్థ లోగో కనిపిస్తుంది. అయితే తెరిచి చూసేవారెవరు? సెలవు మీద వెళ్తూ క్రెడిట్ మేనేజర్ తన అధికారాన్ని ఆర్థిక విభాగాధిపతికి అప్పగించాడు. ఆర్థిక విభాగాధిపతి, తాను ప్రయాణంలో ఉంటానని చెప్పి, ముందురోజే తన అధికారాన్ని క్రెడిట్ మేనేజర్‌కు అప్పగించి ఉన్నాడు. అభ్యర్థన ఈ ఇద్దరి మధ్య గానుగెద్దులా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ "మీ సందేశానికి ధన్యవాదాలు, నేను ప్రస్తుతం అందుబాటులో లేను" అని ఒకరి మెయిల్ పెట్టె మరొకరి మెయిల్ పెట్టెకు ఎంతో మర్యాదగా చెబుతుంది. గడియారానికి వారాంతపు సెలవు లేదు. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు ఆమోదం సంపూర్ణమవుతుంది. ఆ క్షణాన భవనం మొత్తంలో మెలకువగా ఉన్నది సర్వర్ ఒక్కటే. సోమవారం ఉదయం లారీ గేటు దాటుతుంది.

రాసేవారు ఒకరు, సరిచూసేవారు మరొకరు ఉండాలన్న మేకర్-చెకర్ సూత్రాన్ని ముసాయిదా రెండో పేజీలోనే భక్తిశ్రద్ధలతో స్మరించారు. పాటించారు కూడా. రాసేది అమ్మకం మీద కమిషన్ పుచ్చుకునే వ్యక్తి, సరిచూసేది గోడ గడియారం. ఇద్దరూ వేరువేరే కదా!

పరిమితుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మొత్తం 100 దాటిన అభ్యర్థన పై అధికారికి వెళ్లాలన్న నియమం పెట్టిన మరుసటి రోజు నుంచి వచ్చేవన్నీ 99లే. 300 కావలసినవాడు 99 చొప్పున మూడుసార్లు అడిగి, తక్కిన మూడు దయతో వదిలేస్తాడు. ఒకే ఖాతాదారు పేరిట వచ్చినవాటిని కలిపి చూడాలన్న చిన్న నియమం రాసి ఉంటే ఈ విద్యకు తెరపడేది. దానికి ముసాయిదాలో చోటు చాలలేదు.

శాస్త్రానికి మాత్రం చోటు చాలింది. ఒక సంస్థ దివాలా తీసే ప్రమాదాన్ని ముందుగా పసిగట్టేందుకు ఎడ్వర్డ్ ఆల్ట్‌మన్ 1968లో అయిదు ఆర్థిక నిష్పత్తులతో ఒక సూత్రం కట్టాడు. ఆ స్కోరు 1.81 కంటే తగ్గితే ప్రమాదం, 2.99 దాటితే క్షేమం. అసలు సూత్రం షేర్ల మార్కెట్ విలువను అడుగుతుంది కనుక, షేరు మార్కెట్ ముఖమే చూడని చిన్న సంస్థలను కూడా ఆ విలువ రాయమని ముసాయిదా కోరుతోంది. ఇలాంటి సంస్థల కోసం ఆల్ట్‌మనే తర్వాత సూత్రాన్ని సవరించాడన్న వార్త వీరికింకా చేరినట్టు లేదు. దాని పక్కనే "వ్యూహాత్మక ఖాతాదారు" అని ఒక చిన్న గడి ఉంది. అందులో టిక్కు పెడితే శాస్త్రం మొత్తం నిద్రపోతుంది.

ఇక్కడికి వచ్చేసరికి నాకు నవ్వు రావడం లేదు. ఆరేళ్లుగా ఒక్క ఇన్వాయిస్ కూడా గడువు దాటనివ్వని చిన్న ఖాతాదారు, లిమిట్‌ను పదిశాతం పెంచమని అడిగితే, ఆడిట్ అయిన లెక్కలు లేవన్న కారణంతో అతని దరఖాస్తును "అసంపూర్ణం" అని పక్కన పెడతారు; అసంపూర్ణ దరఖాస్తుకు 48 గంటల గడియారం మొదలు కాదు. అంటే మౌనం ఒకరికి వరం, మరొకరికి శాపం. 90 రోజులు దాటిన బకాయిలున్న వ్యూహాత్మక మహానుభావుడికి మౌనమే తలుపు తీస్తుంది. వేళకు డబ్బు కట్టినవాడి ముఖాన అదే మౌనం తలుపు వేస్తుంది. ఇది నియమం కాదు, సిగ్గుమాలినతనం. దరఖాస్తు చూసి "ఇవ్వవద్దు" అని రాసిన కింది ఉద్యోగి మాటను, కింది నిర్ణయాన్ని తోసిపుచ్చే ఓవర్‌రైడ్ మీటతో తుడిచేసి, డబ్బు మునిగాక "మీరెందుకు గట్టిగా చెప్పలేదు?" అని అతన్నే సంజాయిషీ అడుగుతారు. ఓవర్‌రైడ్ నొక్కిన వేలు ఎవరిదో నమోదు చేసే ఏర్పాటు మాత్రం 34 పేజీల్లో ఎక్కడా లేదు. నూటికి 5 లాభం మీద అమ్మే సంస్థకు 100 మునిగితే, దాన్ని పూడ్చుకోవడానికి మళ్లీ 2000 అమ్మాలి. ఆ అమ్మకాలు ఎవరు చేస్తారు? మౌనం చేస్తుందా?

లెక్కల విభాగం చూపు ఇందుకు పూర్తిగా భిన్నం. 2018 నుంచి అమల్లో ఉన్న ఐఎఫ్ఆర్ఎస్ 9 అనే అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ప్రకారం, రావలసిన సొమ్ములో ఎంత రాకపోవచ్చునో ముందుగానే అంచనా వేసి పుస్తకాల్లో చూపాలి. దొంగలు పడిన ఆరు నెలలకు మొరిగే అలవాటును లెక్కల విభాగం ఆ విధంగా మానుకుంది. అదే సంస్థలో, అదే అమ్మకంలో, ఆమోదించవలసిన అయిదుగురికి మాత్రం ఏ ప్రమాదమూ కనిపించలేదు. పదిమందిలో పాము చావదంటారు. ఇక్కడ అయిదుగురే ఉండటం చేత పాముకు క్రెడిట్ లిమిట్ కూడా మంజూరైంది.

ఈ అభ్యంతరాలన్నిటినీ ముసాయిదా అంచుల్లో ఎర్ర సిరాతో రాసి, తిప్పి పంపుదామని వారిచ్చిన లింకు తెరిచాను. నా పేరుకు ఎదురుగా అప్పటికే పచ్చ టిక్కు ఉంది. పక్కన, నేను ఆమోదం తెలిపిన సమయం: ఆదివారం సాయంత్రం ఆరు గంటలు.