సవరణ: పెద్ద అడ్వెంచర్ బైకుల మీద నా మాట

పోయిన వారం ఇక్కడ, దూర ప్రయాణాలకూ మట్టి దారులకూ కలిపి తయారుచేసే బైకుల గురించి, ‘పెద్ద అడ్వెంచర్ టూరింగ్ బైకులు మట్టి దారికి బొత్తిగా పనికిరావు’ అని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, సగం మాత్రమే.

ముందు అంకె. బీఎమ్‌డబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ బరువు 300 కిలోలన్నాను. నిండు ట్యాంకుతో 249 కిలోలే. పక్క పెట్టెలు, సామాను కూడా కలిపేసింది నేనే. పోలికకు తీసుకున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450కి రాసిన 196 సరైనదే. సస్పెన్షన్ (గతుకుల్లో చక్రం పైకీ కిందికీ కదిలే ఏర్పాటు) చాలదన్నదీ తప్పే: జీఎస్ ముందు చక్రానికి 190, వెనక చక్రానికి 200 మిల్లీమీటర్ల కదలిక ఉంది. హిమాలయన్‌కు రెండు వైపులా 200.

మొన్న పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు మిత్రుడి పెద్ద బైకు మీద వెళ్లాను. ఎండిన కంకర దారిలో, నిలబడి నడిపితే, నా చిన్న బండి కన్నా నిలకడగా పోయింది. వాన కురిసిన ఎర్రమట్టి ఎక్కుడు దగ్గరే కథ మారింది. టైరు గాడులన్నీ మట్టితో పూడి నున్నగా అయ్యాయి, బండి పక్కకు ఒరిగింది. ఇద్దరం లేపలేకపోయాం. మేకలు కాసే పెద్దాయన చెయ్యి వేస్తూ, ‘‘ఇది బండా, దున్నపోతా బాబూ?’’ అన్నాడు.

1981 పారిస్–డకార్ ఎడారి పందేన్ని బీఎమ్‌డబ్ల్యూ గెలిచిందిగా అని ఒకరు గుర్తుచేశారు. నిజమే, కానీ అది పందెం కోసం తయారుచేసిన బండి. 2011 నుంచి డకార్‌లో బైకులకు 450 సీసీయే పరిమితి.

పాత వాక్యాన్ని ఇలా మార్చాను: ‘కంకరకు సరే, బురదలో, ఒంటరిగా అయితే వద్దు.’