ఆ బొమ్మలో ఉన్నది ఫలానా మనిషి కాదు

బ్రిటిష్ చిత్రకారిణి లినెట్ యియాడమ్-బ్వాచీ బొమ్మను ఎవరు పంచుకున్నా పక్కన ఇంచుమించు ఇవే మాటలు: తెలిసిన నల్లజాతి మనుషులను కూర్చోబెట్టి గీస్తారట, వాళ్ల గౌరవాన్ని చాటడమే ఆమె ధ్యేయమట, ఒక్కో బొమ్మ ఒక్క రోజులో ముగిస్తారట. మొదటిది శుద్ధ తప్పు. మిగతా రెండూ సగం సగం.

ఆమె ఎదుట ఎవరూ కూర్చోరు. దాచుకున్న ఫొటోలు, కత్తిరించి పెట్టుకున్న బొమ్మలు, జ్ఞాపకం, ఊహ కలిసి ఒక మనిషి తయారవుతాడు. పోర్ట్రెయిట్ అన్నాక పోలిక కుదరాలి కదా. ఇక్కడ పోల్చి చూడటానికి అవతల మనిషే లేడు. చాలామంది కాళ్లకు చెప్పులు కూడా ఉండవు. బూట్లు గీస్తే ఏ కాలమో తెలిసిపోతుందని ఆమే చెప్పారు. గది ఏదో, ఊరు ఏదో కూడా ముదురు రంగుల్లో కలిసిపోతాయి.

2011 నాటి ‘కాండర్ అండ్ ద మోల్’నే చూడండి. సముద్రపు ఒడ్డున ఇద్దరు ఆడపిల్లలు. పేరులో ఒక పెద్ద రాబందు, మట్టి తవ్వుకుంటూ బతికే ఒక చిన్న జంతువు ఉన్నాయి. బొమ్మలో రెండూ లేవు. పిల్లల్లో ఎవరు ఏదో తేల్చాలని చూసేవారు చూస్తూనే ఉండాలి. శీర్షిక అంటే తనకు మరో కుంచె గీత లాంటిదని ఆమె అంటారు. వివరణ ఆశించేవారికి ఇది చికాకే!

ఇక గౌరవం సంగతి. ఆమె 1977లో లండన్‌లో పుట్టారు; ఘనా నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులిద్దరూ నర్సులు. ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ ఆర్ట్ కాలేజీలోనూ, లండన్‌లోని రాయల్ అకాడమీ స్కూల్స్ అనే కళాశాలలోనూ చదివారు. ఫ్రెంచ్ చిత్రకారుడు దెగా, ఇంగ్లిష్ చిత్రకారుడు సికెర్ట్‌ల తైలవర్ణ సంప్రదాయం ఆమె చేతిలో కనిపిస్తుంది. నల్లదనం తనకెన్నడూ పరాయిది కాదని, బొమ్మల్లో అది ఉన్నందుకు సంజాయిషీ ఇచ్చే అవసరం తనకు లేదని ఆమె మాట. అందులో రాజకీయం లేదని నేననను. కానీ భుజం మీద పిల్లిని మోస్తూ ఊరికే ఉన్న కుర్రవాడిని (2017, ‘ఇన్ లూ ఆఫ్ కీన్ వర్చ్యూ’) ప్రచార చిత్రంగా చదివితే, ఊరికే ఉండే అతని స్వేచ్ఛను మనమే లాక్కున్నట్టు.

ఒక్క రోజు మాట చాలా బొమ్మల విషయంలో నిజమే, అయితే అన్నింటికీ వర్తించదు. పైగా అది పందెం కాదు. తైలవర్ణం ఆరకముందే రంగు మీద రంగు వేస్తేనే చెంప అంచు వెనకనున్న చీకటిలోకి అలా జారుతుంది; ఆరాక వేస్తే ఆ అంచు గీతలా విడిగా కనిపిస్తుంది. కుదరని కాన్వాసులను ఆమె ఉంచుకోరు, ధ్వంసం చేస్తారు. ఆ రోజులు ఎవరి లెక్కలోకీ రావు.