భద్రత బీరువాలో భద్రం

మా ఆఫీసులో భద్రతకు లోటుందంటే నేను ఒప్పుకోను. కావాలంటే బీరువా తెరిచి చూపిస్తాను. తాళం సూపర్‌వైజర్ గారి దగ్గర ఉంటుంది, ఆయన సెలవులో ఉంటే రేపు రండి. పై అరలో ఆరు జతల రబ్బరు గ్లవ్స్, కవర్లలోనే. కింది అరలో రక్షణ కళ్లద్దాలు, బాత్రూములు కడిగే మందు పడితే కళ్లు కడుక్కునే సీసా. ఇంత భద్రంగా మా దగ్గర జీతాల రిజిస్టరు కూడా ఉండదు.

ఏటా మార్చి 4న, జాతీయ భద్రతా దినోత్సవం నాడు, వాటిని బయటికి తీస్తాం. 1966లో అదే రోజున జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. ఆ గౌరవం కొద్దీ అందరం చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేస్తాం. బాత్రూములు కడిగే మంగమ్మకు గ్లవ్స్ తొడిగి ఫొటో తీస్తాం. అవ్వగానే లెక్కపెట్టి లోపల పెడతాం. పోయినేడు ఒక జత తగ్గితే గంటసేపు వెతికాం. చివరికి మంగమ్మ చేతులకే ఉన్నాయి. తొడుక్కుని పనిలోకి దిగిపోయిందట, పిచ్చిది.

ఇక మందుల సంగతి. యాసిడ్ కూల్‌డ్రింకు సీసాలో, ఫినాయిలు నూనె డబ్బాలో, హైపోక్లోరైటు, అంటే బ్లీచింగ్ ద్రావణం, నీళ్ల సీసాలో ఉంటాయి. లేబుల్ ఉన్న పెద్ద క్యాను నీళ్లు పట్టుకోవడానికి బాగుంటుందని వాచ్‌మన్ పట్టుకుపోయాడు. జాగ్రత్తలన్నీ రాసిన కాగితాలు మా ఫైల్లో ఇంగ్లిషులో ఉన్నాయి. తెలుగు చేయించి మంగమ్మకు వినిపిద్దామని కమిటీ తీర్మానించింది. కొటేషన్లు పిలిచాం.

అయిదు శాతం హైపోక్లోరైటు ఒక పాలుకు నాలుగు పాళ్లు నీళ్లు కలిపితే ఒక శాతం ద్రావణం అవుతుంది. మా కొలత ఇంకా సులువు, కళ్లు మండేదాకా పోయడమే. వాసన రాకపోతే కడగనట్టేనని పై అంతస్తు సార్ల నమ్మకం.

యాసిడ్, బ్లీచింగ్ విడివిడిగా వేస్తే రెండు పనులు, కలిపి పోస్తే ఒకటే పని అని కనిపెట్టింది మా సూపర్‌వైజర్ గారు. రెండూ కలిస్తే క్లోరిన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర, ఆ వాయువునే శత్రువు మీద వదలడానికి జర్మన్ సైన్యం వేల సిలిండర్లు మోసుకురావాల్సి వచ్చింది. మాకు రెండో అంతస్తు బాత్రూములో ఒక మగ్గు సరిపోయింది. క్లోరిన్ గాలికి దాదాపు రెండున్నర రెట్లు బరువు, నేలబారునే పాకుతుంది. మంగమ్మ గొంతుక్కూర్చుని రుద్దుతోంది. సూపర్‌వైజర్ గారు గుమ్మం బయట నిలబడి ఉన్నారు. ఎవరి దగ్గర ఎలా మసలుకోవాలో ఆ వాయువుకూ తెలుసు.

"గొంతులో కారం కొట్టినట్టుందండీ," అంది మంగమ్మ.

"ఫ్యాను వేసుకోమ్మా," అన్నారాయన.

ఎగ్జాస్ట్ ఫ్యాన్లో పావురం గూడు పెట్టి చాలాకాలమైంది. ఆ పావురం మాత్రం క్షణంలో ఎగిరిపోయింది. దానికి హాజరు వేయరు కదా.

మా మీదే వేలు చూపించకండి. కరోనా రోజుల్లో, 2020 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో, ఊరు చేరిన వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి వాళ్ల మీద క్రిములను చంపే మందు చల్లారు. మనుషుల మీద చల్లకూడదని ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ కాగితం మీద పెట్టి చెప్పాల్సొచ్చింది. అప్పట్లో మేమూ గేటు దగ్గర మందు చల్లే టన్నెల్ కట్టాం. మంగమ్మ, వాచ్‌మన్, కొరియర్ కుర్రాడు అందులోంచి తడుస్తూ వచ్చేవారు. డైరెక్టర్ గారి కారు పక్క గేటు నుంచి వచ్చేది. కారు రంగు పోతుందట.

బాత్రూము సంగతి తర్వాత మంగమ్మ మూడు రోజులు రాలేదు. రిజిస్టర్లో జలుబు అని రాసి, మూడు రోజుల జీతం కోశాం. గుమ్మంలో 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు' అని మాకో బోర్డుంది. అందులో అంకె మూడు రోజులు కదల్లేదు. సిగ్గుపడి ఆపామనుకునేరు. రోజూ పొద్దున్నే తుడిచి అంకె దిద్దేది మంగమ్మే.