చనిపోయిన మా మామ్మ అంతకుముందు బతికే ఉండేదని మనవి

శ్రీయుత లైఫ్ సర్టిఫికెట్ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాను. పెన్షను తీసుకునే మనిషి బతికే ఉందని ఏటా రుజువు చేసే కాయితం తమరు. తమకేం, ప్రతి నవంబరుకీ కొత్తగా పుడతారు. ఇక్కడ మేమూ క్షేమమే, మా మామ్మ తప్ప. ఆవిడ జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి పోయింది. ఆ సంగతి తమకి విన్నవించడానికే నిన్న మధ్యాహ్నం నాన్న, నేను బ్యాంకుకి వచ్చాం. డెత్ సర్టిఫికెట్టు, దాని జిరాక్సులు, పెన్షన్ కాయితాలు, తాతయ్య మిలటరీ డిశ్చార్జి బుక్కు, అందరి ఆధార్లు, అందరి ఫొటోలు అన్నీ తెచ్చాం. గమ్ బాటిల్ కూడా మేమే తెచ్చుకున్నాం, మీ దగ్గర ఎండిపోయి ఉంటుందని తెలుసు గనక.

కౌంటరులో ఆయన అన్నీ తిరగేసి, "డిసెంబరు నుంచి పోయిన రోజు దాకా పెన్షన్ బకాయి ఉందండీ. కానీ ఇవ్వడం కుదరదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు పడలేదు" అన్నారు.

"పెట్టాలనే చూశాం. వేలిముద్ర పడలేదండీ. ఈలోగా మనిషే పోయింది."

"అదే నేననేది. ఆ రోజుల్లో ఆవిడ బతికున్నట్టు రుజువుండాలి కదా."

నాన్న డెత్ సర్టిఫికెట్టుని ముందుకి జరిపారు. "జనవరిలో పోయిందని ఇందులో ఉందండీ."

"అది పోయినట్టు రుజువు. నేనడిగేది ఉన్నట్టు రుజువు."

"జనవరిలో పోవాలంటే డిసెంబరులో ఉండాలి కదండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు చెప్పింది నాకు అర్థమైంది మాస్టారూ. సిస్టమ్‌కి అర్థం కాదు" అని, లంచ్‌కి లేచారు.

పెన్షనర్ల మధ్య ఎప్పటి నుంచో తిరిగే జోకొకటి ఉంది. నిరుడు సర్టిఫికెట్టు ఇవ్వని పెద్దాయన స్వయంగా వచ్చి నిలబడితే, "ఈ ఏడు బతికున్నారు సరే, నిరుడు బతికున్నట్టు కాయితమేదీ" అని అడిగారట. మా ఇంట్లో పండక్కి చేరినప్పుడల్లా ఎవరో ఒకరు చెప్పేవారు, అందరం నవ్వేవాళ్లం. ఇప్పుడు ఆ జోకు మాకు అఫీషియల్‌గా వర్తించింది. నవ్వే ఓపిక లేదు.

తమరు రుజువులు అడిగే వృత్తిలో ఉన్నారు. ఆ వృత్తిలో మా మామ్మ తమకన్నా సీనియరని మనవి చేసుకుంటున్నాను.

మా తాతయ్య మిలటరీలో లారీ డ్రైవరు, ఆర్మీ సర్వీస్ కోర్. మాది తాడేపల్లిగూడెం పక్కనున్న మిలటరీ మాధవరం కాదు, ఇంటింటికీ సిపాయిలుండి, ఊరంతా ఒకరి టెన్షన్ ఒకరు పంచుకోడానికి. మా ఊళ్లో మిలటరీ ఆయన భార్య అంటే ఈవిడొక్కతే. ఆయనకి ఏడాదికి రెండు నెలలు యాన్యువల్ లీవు. కలకత్తా మెయిలు దిగి, పేరూ నెంబరూ తెల్ల రంగుతో రాసిన నల్ల ట్రంకు పెట్టె మోసుకుంటూ వచ్చేవాడు. మిగతా పది నెలలూ ఆయన ఉత్తరాల మీద రాసే అడ్రసు మాత్రమే. నెంబరు, ర్యాంకు, పేరు, యూనిట్టు, కేరాఫ్ 56 ఏ.పి.ఓ. ఆ 56 ఏ.పి.ఓ. ఏ ఊళ్లో ఉందని మామ్మ అడిగితే పోస్టుమేను, "అది ఊరు కాదమ్మా, మిలటరీ వాళ్ల లెక్క. మీ ఆయన ఏ కొండెక్కినా అడ్రసు అదే" అన్నాడట. అలా, మొగుడు దేశంలో ఏ మూల ఉన్నాడో తెలియకుండానే కాపురం చేసింది. ముగ్గురు పిల్లల్ని పెంచింది, ఎకరం కౌలు చేలో నాట్లు వేయించింది, ఆడపడుచు పెళ్లి చేసింది. పెళ్లికి తాతయ్యకి లీవు దొరకలేదు. కన్యాదానం పీటల మీద ఆయన తమ్ముడు కూర్చున్నాడు.

నెలకోసారి మనియార్డరు వచ్చేది. ఆ ఫారం అడుగున చించి చేతికిచ్చే ముక్క మీద కబురు రాసుకునే జాగా ఉంటుంది. తాతయ్య అందులో ప్రతిసారీ ఒకే మాట రాసేవాడు: "నేను క్షేమం. పిల్లలు జాగ్రత్త." మామ్మ ఆ ముక్కలన్నీ వంటింట్లో మేకుకి వేలాడే తీగకి గుచ్చేది. అవే ఆవిడ దగ్గరుండే లైఫ్ సర్టిఫికెట్లు, నెలకొకటి. తమరు ఏడాదికొకటి అడుగుతారు. ఆవిడ తమకన్నా పన్నెండు రెట్లు స్ట్రిక్టు.

1971 డిసెంబరు 3న యుద్ధం మొదలయ్యేసరికి తాతయ్య తూర్పు వైపు ఉన్నాడు. ఇంతకన్నా మామ్మకి తెలియదు. విశాఖ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మునిగిందన్న వార్త వచ్చాక, యుద్ధం మన సముద్రం దాకా వచ్చేసిందని ఊళ్లో అందరికీ భయం పట్టుకుంది. మామ్మకి అంతకుముందే పట్టుకుంది. ఆ రోజుల్లో పంచాయతీ రేడియో దగ్గర మగవాళ్లే కూర్చునేవారట. ఈవిడ సాయంత్రం వార్తలకి వెళ్లి అరుగు చివర స్తంభం పట్టుకుని నిలబడేది, వార్తలవగానే ఎవరితో మాట్లాడకుండా వచ్చేసేది. 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందని చెప్పారు, ఊళ్లో బెల్లం పంచారు. ఉత్తరం రాలేదు. ఆ నెల మనియార్డరూ రాలేదు. భోగికి రెండు రోజుల ముందు ఒక ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. తేదీ చూస్తే డిసెంబరు 2. యుద్ధానికి ముందు రోజు రాసింది.

ఇప్పుడు తమరే చెప్పండి. ఆ కాయితం ప్రకారం డిసెంబరు 2న మనిషి ఉన్నాడు. అది అందిన జనవరిలో ఉన్నాడా? తమ కౌంటరులో అది చెల్లదు. మామ్మ దగ్గర చెల్లింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని రాగం తీయబోతే, "చెడ్డ కబురైతే టెలిగ్రాం వస్తుంది. రాలేదంటే బాగున్నట్టే, లేచి బియ్యం తడపండి" అందట. భోగినాడు తలంటి పోసుకుని, రోజూ పెట్టుకునే దానికన్నా పెద్ద బొట్టు పెట్టుకుని, అరిసెలు వండింది. ఫిబ్రవరిలో ట్రంకు పెట్టెతో తాతయ్య దిగాడు. మనియార్డరు ఎందుకు పంపలేకపోయాడో గుమ్మంలోనే సంజాయిషీ మొదలెడితే, "ముందు కాళ్లు కడుక్కో" అంది.

తాతయ్య పోయాక ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్ వచ్చింది. ఆఖరి జీతం మీద 30 శాతం. పెద్ద మొత్తమేమీ కాదు గానీ నేరుగా ఆవిడ చేతికొచ్చింది, దాంతో ఇంట్లో ఆవిడ మాటకి బరువూ వచ్చింది. నా ఇంటర్ ఫీజు ఆ డబ్బే. నాన్న మోటారు సైకిలు డౌన్ పేమెంటూ అదే, దాని మీద ఆయనకి పదేళ్లు దెప్పుళ్లు.

మొదట్లో తమరంటే మామ్మకి ఇష్టమే, దాచడమెందుకు. నవంబరు రాగానే గంజి పెట్టిన నేత చీర కట్టుకుని బయల్దేరేది. బ్యాంకులో చుట్టుపక్కల ఊళ్ల మిలటరీ వాళ్ల ఆడవాళ్లంతా కలిసేవారు. ఎవరికి మోకాళ్లు, ఎవరికి షుగరు, ఎవరు ఈ ఏడు రాలేదు, అన్నీ అక్కడే తేలేవి. గేటు దగ్గర గన్‌మ్యాన్ కూడా మాజీ సైనికుడే. "మాతాజీ" అని సెల్యూట్ కొట్టేవాడు. మేనేజరు గారు తలెత్తి మొహం చూసి, "ఏవమ్మా, కులాసానా" అని సంతకం పెట్టేవారు. అయిపోయింది. మనిషిని మనిషి చూసి, ఉందని రాశారు. తర్వాత హోటల్లో పెసరట్టు.

2014 నవంబరులో తమరు డిజిటల్ అవతారం ఎత్తారు. బ్యాంకు మెట్లెక్కలేని వాళ్లు ఎందరికో దానివల్ల మేలు జరిగింది, కాదనను. మా మామ్మ బొటనవేలికి మాత్రం అక్కడి నుంచే కష్టాలు. బూడిదా కొబ్బరిపీచూ పెట్టి గిన్నెలు తోమిన వేలది, రోట్లో పచ్చళ్లు నూరిన చెయ్యది. పైగా వయసు మీద పడితే చర్మం పలచబడి గీతలు మాసిపోతాయి. ఎర్ర లైటు వెలిగే ఆ చిన్న డబ్బా మీద వేలు పెడితే, "గట్టిగా నొక్కండి." నొక్కితే, "అంత గట్టిగా వద్దు." తడిగుడ్డతో తుడిచారు, వేజలీన్ రాశారు, పొడిగుడ్డతో మళ్లీ తుడిచారు. పది వేళ్లూ వరసగా పెట్టించారు. ఆపరేటరు కుర్రాడు ఆవిడ చెయ్యి పట్టుకుని వేలు అటూ ఇటూ తిప్పుతుంటే, మామ్మ వాడి మొహంలోకి చూసి, "ఈ వేలిముద్ర వేసే బాబూ మా ఆయన మనియార్డర్లన్నీ తీసుకున్నాను. పోస్టుమేను ఒక్కనాడూ కాదనలేదు" అంది. మెషీన్ వినలేదు.

మెషీన్ ఒప్పుకున్న ఏడాది ఇంకో తమాషా. స్క్రీన్ చూసి కుర్రాడు మొహమాటపడుతూ, "మళ్లీ పెళ్లి చేసుకున్నారా మామ్మగారూ?" అన్నాడు. ఎనభై రెండేళ్ల మనిషిని. ఆ ప్రశ్న దాటకపోతే తమరు ముందుకి కదలరట. మామ్మ తాపీగా, "ఒకాయన్ని చేసుకుంటేనే ఏడాదికి రెండు నెలలు కనబడ్డాడు నాయనా. ఇంకోడెందుకు?" అంది. వాడు "నో" నొక్కాడు.

2021లో ముఖం చూపిస్తే చాలన్నారు. సంతోషించాం. గోడకి కుర్చీ వేసి, కిటికీ తీసి, ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుంటే, కళ్లు ఆర్పమంటుంది. "ఫొటోకి కళ్లు ఆర్పకూడదంటారు కదరా అబ్బాయ్, ఇదేంటి ఆర్పమంటుంది?" అని అడిగి, అలవాటు కొద్దీ ఇంకా పెద్దవి చేసి చూసేది. పెళ్లి ఫొటోలో కూడా అలాగే ఉంటుంది, దిగ్భ్రాంతిగా.

మొన్న నవంబరులో ఆవిడ మంచం మీద ఉంది. వేలు పడలేదు. మొహం చిక్కి ఆధార్ ఫొటోకీ దానికీ పోలిక లేదు. దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెడితే తల నిలవలేదు. ఇంటికొచ్చి చేస్తామన్న మనిషి రేపన్నాడు, ఎల్లుండన్నాడు. డిసెంబరు నెలాఖరుకి పెన్షన్ పడలేదు. ఆవిడకి చెప్పొద్దనుకున్నాం. కానీ ఒకటో తారీఖు వచ్చిందంటే ఆవిడే అడుగుతుంది. నాన్న నీళ్లు నమిలారు. మామ్మకి అర్థమైపోయింది. "ఏం, నేను చచ్చిపోయానన్నారా?" అంది.

ఇదిగో, ఇక్కడ నాకు తమరు అనే మాట రావడం లేదు. నువ్వెవరివయ్యా అసలు? ఎనభై దాటితే 20 శాతం అదనం అంటావు, 85కి 30, 90కి 40, వందకి నూటికి నూరు. బతకమని ఆశపెట్టేది మీ సర్కారే. బతికితే నమ్మనిది నువ్వు. పెళ్లైన దగ్గర్నుంచీ ఇంకొకరి ప్రాణానికి హామీ లేకుండా బతికిన మనిషిని, ఆఖరి నెలలో తన ప్రాణానికే హామీ ఇమ్మన్నావు. పాత తేదీ ఉత్తరం చేతిలో పట్టుకుని మొగుడున్నాడని అరిసెలు వండిన మనిషి అది. ఆవిడ ఇచ్చిన నమ్మకంలో పిసరంత, ఎదురుగా ఊపిరి తీస్తున్న ఆవిడ మీద నీకు లేకపోయింది. పదకొండో రోజు వంటలవుతుంటే ఆవిడ ఫోనుకి నీ మెసేజి, "గడువు ముగిసింది, వెంటనే సమర్పించండి" అని. గడువు ముగిసిన మాట నిజమే.

కోపం వచ్చింది, మన్నించండి. మళ్లీ మీరు అంటున్నాను. పెన్షన్ కాయితంలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, ఓటరు కార్డులో ఇంటి పేరే వేరు అన్న గొడవ ఇప్పుడు ఎత్తను. ఆవిడ పుట్టినరోజు రికార్డులో జూలై 1 అని ఎవరు పెట్టారో కూడా అడగను. ఆ లెక్కన మా ఊళ్లో సగం మంది కవల పిల్లలు.

రుజువులు కావాలన్నారు. జతచేస్తున్నాను. డిసెంబరు పాల లెక్క కాయితం, అందులో రోజుకో పావు లీటరు ఆవిడ పేరు మీద. మందుల షాపు బిల్లులు. సంక్రాంతి అరిసెల్లో బెల్లం తక్కువైందని మా అమ్మని తిట్టిన తిట్లు, సాక్షులు వీధి వీధంతా, సంతకాలు పెడతామన్నారు. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. మమ్మల్నెవరినీ గుర్తుపట్టని ఆ ఆఖరి రోజుల్లో, కాంపౌండరు వచ్చి "మీ ఆయన పేరేంటి మామ్మగారూ" అని అడిగితే, పేరు చెప్పకుండా తాతయ్య ఆర్మీ నెంబరు చెప్పింది. డిశ్చార్జి బుక్కు తీసి చూశాం. ఒక్క అంకె తేడా లేదు.

ఆ బకాయి మాకు పెద్ద డబ్బు కాదు. అయినా వదలం, అది ఆవిడది. వీటిలో ఏది చెల్లుతుందో సిస్టమ్‌ని అడిగి ఉంచండి. సోమవారం పదిన్నరకల్లా వస్తాం. పన్నెండు దాటితే మీవాళ్లు లంచ్ అంటారు.

ఇట్లు,
మిలటరీ ఆయన భార్య తరఫున,
వారి మనవడు