బస్టర్ కీటన్‌ను కాపాడిన పెద్దలకు వందనం

మూకీ సినిమాల హాస్యనటుడు బస్టర్ కీటన్ గురించి ఎవరు రాసినా ఆయన తిన్న దెబ్బల గురించే రాస్తారు. ఆ దెబ్బల నుంచి ఆయన్ను కాపాడ్డానికి పెద్దవాళ్లు ఎంత కష్టపడ్డారో ఒక్కరూ రాయరు. ఇది చాలా అన్యాయం.

కీటన్ 1895లో అమెరికాలోని కాన్సాస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరూ వాడెవిల్ వాళ్లు, అంటే ఒకే టికెట్టు మీద పాట, డాన్సు, గారడీ, కామెడీ వరసగా చూపించే స్టేజీ షోలు వేసుకుంటూ ఊళ్లు తిరిగేవాళ్లు. వీళ్ల ఐటమ్ ఏమిటంటే, పిల్లాడు తండ్రి మాట వినడు, తండ్రి వాణ్ణి ఎత్తి తెరల మీదకో, వాద్యాల వాళ్లు కూర్చునే గుంటలోకో విసిరేస్తాడు. విసరడానికి పట్టు చిక్కాలని పిల్లాడి బట్టలకు సూట్‌కేసు పిడి కుట్టించారు (తల్లిదండ్రుల శ్రద్ధ అంటే అదీ!). పడ్డాక తను నవ్వితే జనం అంతగా నవ్వడం లేదని కుర్రాడు చిన్నప్పుడే కనిపెట్టాడు, ఇక మొహంలో నవ్వన్నది లేదు.

న్యూయార్క్‌లో పిల్లల రక్షణ సంఘం వెంటపడింది. వాళ్ల బాధ నిజమైనదే, కాదనను. కానీ చట్టంలో పిల్లలతో సర్కస్ ఫీట్లు చేయించకూడదని ఉందట గానీ, కన్నతండ్రి కొడుకును చీపురులా వాడుకోకూడదని ఎక్కడా లేదట, కీటనే తర్వాత చెప్పుకున్నాడు.

1917లో రాస్కో ఆర్బకుల్ అనే హాస్యనటుడు కీటన్‌ను సినిమాల్లోకి తీసుకొచ్చాడు. అక్కడ చెప్పేవాడు లేక బాగా చెడిపోయాడు. 1924లో 'షెర్లాక్ జూనియర్' షూటింగులో రైళ్లకు నీళ్లు పట్టే ట్యాంకు నుంచి ధార ఒక్కసారిగా మీద పడి మెడ ఎముక విరిగితే, తలనొప్పి అనుకుని పని చేసుకుపోయాడు. విరిగిందని డాక్టరు చెప్పింది ఏళ్ల తర్వాత. 1928లో వచ్చిన 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో ఇంటి ముందు గోడ మొత్తం మీదకి కూలుతుంటే, కిటికీ ఖాళీ సరిగ్గా తన మీదకి వచ్చేచోట కదలకుండా నిలబడ్డాడు. ఇలాంటి మనిషిని వదిలేస్తే ఏమైపోతాడు?

అదృష్టం కొద్దీ అదే ఏడాది ఎంజీఎం అనే పెద్ద హాలీవుడ్ సినిమా కంపెనీ చేతిలో పడ్డాడు. వద్దని చాప్లిన్ చెప్పినా వినలేదు. వారానికి 3,000 డాలర్ల జీతం. కంపెనీ వాళ్లు బాధ్యత గల మనుషులు కాబట్టి, ప్రమాదకరమైన సీన్లకు డూపుల్ని పెట్టారు, అప్పటికప్పుడు జోకు పుట్టించే టెన్షన్ లేకుండా అంతా ముందే రాసి చేతికిచ్చారు, సినిమాలకు మాటలొచ్చాక మొహం కదలనివాడి పక్కన జిమ్మీ డ్యురాంటీ లాంటి వాగుడుకాయను నిలబెట్టారు. ఆ సినిమాలకు కలెక్షన్లు కూడా బాగానే వచ్చాయి, కాబట్టి లెక్కల ప్రకారం కంపెనీదే రైటు. ఒంటి మీద దెబ్బ పడని ఆ రోజుల్లోనే మనిషి తాగుడుకు బానిసయ్యాడు. 1933లో ఉద్యోగం ఊడింది.

కొన్నేళ్లకు అదే ఎంజీఎం మళ్లీ పిలిచింది, ఇతర హాస్యనటులకు జోకులు చెప్పిపెట్టే పనికి. జీతం వారానికి 100 డాలర్లు. అంటే బుర్ర అదే, వారానికి 2,900 డాలర్లు ఆదా. పైగా ఎక్కడినుంచీ దూకక్కర్లేదు.