టోక్యో చెత్తబుట్ట గారికి ఒక బ్యాక్‌ప్యాక్ మోసేవాడి విన్నపం

మహారాజశ్రీ టోక్యో చెత్తబుట్ట గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమరి క్షేమం కూడా కనుక్కుందామంటే ముందు తమరు కనపడాలి కదా! పొద్దున్నే అసకుసాలో హాస్టల్ మెట్లు దిగినప్పటి నుంచి వెతుకుతూనే ఉన్నాను. తిరుమలలో దర్శనానికి ఆలస్యమైనా ఒక టైమ్ స్లాట్ అంటూ ఇస్తారు. తమరి దగ్గర ఆ పద్ధతి కూడా లేదు.

కష్టం ఒనిగిరితో మొదలైంది. పక్క వీధిలోని దుకాణంలో, చేప తగలకుండా ఉంటుందన్న ఆశతో ఉమెబోషిది కొన్నాను. త్రికోణంలో అన్నం ముద్ద, లోపల ఉప్పులో ఊరిన పుల్లటి పండు. తినడం తేలికే, విప్పడమే విద్య. కవరు మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. 1 దగ్గర సన్నటి పట్టీని పట్టుకుని నడిమధ్యగా చుట్టూ లాగితే కవరు రెండుగా చీలుతుంది. 2, 3 అని రాసిన మూలల్ని చెరో పక్కకీ లాగితే, అప్పటిదాకా రెండు పొరల మధ్య దాక్కున్న నాచు రేకు కరకరలాడుతూ వచ్చి అన్నానికి అతుక్కుంటుంది. రేకు మెత్తబడకూడదని ఇంత తెలివి ఖర్చుపెట్టిన మహానుభావుడు, చేతిలో మిగిలిన ప్లాస్టిక్‌ను ఏం చేయాలో 4 అని వేసి చెప్పలేదు. చెప్పక్కర్లేదట. ఇక్కడ అందరికీ తెలుసట: ఎవడి చెత్త వాడి బ్యాగులోకే.

సరే, దేవుడి దగ్గరికి వెళ్దామని సెన్సోజి గుడికి వెళ్ళాను. ఎర్రటి పెద్ద లాంతరు కింద నుంచి లోపలికి పోతే నకమిసె వీధి, రెండు వైపులా చిరుతిళ్ళు. నడుస్తూ తినొద్దని బోర్డులు. కొన్న చోటే నిలబడి తిని, పుల్ల ఆ దుకాణం వాళ్ళ చేతికే ఇచ్చి రావాలి. గుడిలో 100 యెన్లు వేసి, డబ్బా ఊపి, పుల్ల మీది నంబరు చూసి సొరుగు లాగితే జాతకం కాగితం వస్తుంది. చెడ్డది వస్తే పక్కనున్న కమ్మీలకు కట్టేసి చక్కా పోవచ్చు. మంచిదైతే ఇంటికి తీసుకెళ్ళాలి. ఊరు మొత్తం మీద చేతిలో కాగితం వదిలించుకునే చోటు అదొక్కటే దొరికింది, దానికి దురదృష్టవంతుడై ఉండాలి. నాకు మహా మంచి జాతకం వచ్చింది. బ్యాగులో ఇంకో కాగితం చేరింది.

తమరు మాయమవడానికి కారణం తెలియక అడుగుతున్నానని అనుకోకండి. 1995 మార్చి 20న ఓమ్ షిన్రిక్యో అనే ముఠా మూడు మెట్రో లైన్లలో ఐదు రైళ్ళలో సారిన్ విషవాయువు వదిలింది. పనికి బయల్దేరిన మనుషులు చనిపోయారు, వేల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ భయంలో స్టేషన్ల నుంచి తమరిని ఎత్తేశారు. తర్వాత కొన్ని చోట్ల తిరిగొచ్చినా పాత వైభవం మాత్రం రాలేదు. ఆ భయాన్ని నేను వెక్కిరించను. కానీ ఒక్క మాట. ఆ రోజు విషం ఉన్నది రైలు పెట్టెల్లో నేల మీద పడేసిన సంచుల్లో. వాటిని పొడిచింది గొడుగు మొనలతో. గొడుగుని ఎవరూ ఏమీ అనలేదు. పైగా వాన పడితే ప్రతి దుకాణం ముందూ దానికో స్టాండు పెట్టి మర్యాద చేస్తారు. శిక్ష మాత్రం తమరికి పడింది.

అసకుసా నుంచి షిబుయాకి గింజా లైన్ ఎక్కాను. ఆసియాలో మొదటి భూగర్భ రైలు ఇదే, 1927లో అసకుసా, ఉయెనోల మధ్య మొదలైంది. రైల్లో బ్యాగు వీపున ఉంటే వెనకవాళ్ళకి ఇబ్బందని ముందుకు తగిలించుకోవడం ఇక్కడి మర్యాద. అంటే పొద్దుటి నుంచి పోగైన చెత్తంతా సరిగ్గా ముక్కు కింద! మర్యాదస్తుల ఊళ్ళో వాసన కూడా సొంతదారుడికే చేరుతుంది.

షిబుయాలో హచికో అనే కుక్క విగ్రహం దగ్గర ఒకాయన నవ్వుతూ ప్రకటన అంటించిన టిష్యూ ప్యాకెట్ చేతిలో పెట్టాడు. వద్దనలేకపోయాను. టీ తాగితే గ్లాసు, మూత, స్ట్రా మిగిలాయి. వెండింగ్ మెషీన్ పక్కన తమరి పోలికలున్న డబ్బా కనపడితే ప్రాణం లేచొచ్చి పరిగెత్తాను. దానికి గుండ్రటి కన్నం, సీసాలూ క్యాన్లూ మాత్రమే పడతాయి. దాని నెత్తి మీద అప్పటికే నాలాంటి వాళ్ళెవరో ఖాళీ గ్లాసులు వరసగా పేర్చి పోయారు. 'జపాన్‌లో చిన్న కాగితం ముక్క కూడా కింద కనపడదు' అని వాట్సాప్‌లో పంపించే మా బాబాయికి ఈ ఫోటో పంపాను. ఇంకా బ్లూ టిక్ రాలేదు.

తమరి బంధువులు కొందరు ఒమోతెసాందోలో ఫ్యాషన్ షాపుల మధ్య కాపురం పెట్టారని విన్నాను. సౌరశక్తితో నడుస్తారట, చెత్తను లోపలే నొక్కేస్తారట. సంతోషం. బీదా బిక్కీ తిరిగే వీధుల్లో కూడా ఒక ఇల్లు చూసుకోమనండి.

షింజుకు స్టేషన్‌లో 200 పైచిలుకు దారుల్లోంచి సరైనది పట్టుకుని బయటపడి, ప్రభుత్వ భవనం 45వ అంతస్తుకి ఎక్కాను. టికెట్ లేదు, బ్యాక్‌ప్యాకర్లకి అంతకన్నా ఏం కావాలి! అక్కడ నేను నిలబడ్డ ఎత్తు 202 మీటర్లు. ఇకెబుకురోలో చెత్త కాల్చే కేంద్రం పొగగొట్టం ఎత్తు 210. ఈ ఊళ్ళో చెత్తకున్న హోదా అది. వీధిలో బుట్టకి చోటు లేదు గానీ, ఊరి నడిబొడ్డున గొట్టం కట్టి గౌరవిస్తారు.

దానికీ ఒక కథ ఉంది. ఒకప్పుడు నగరం చెత్తలో చాలాభాగం సముద్రతీరాన కోతో వార్డులో యుమెనోషిమా మీద పోసేవారు. 1965లో అక్కడి నుంచి ఈగలు దండయాత్ర చేశాయి. 1971లో గవర్నర్ మినోబె ఏకంగా 'చెత్త యుద్ధం' ప్రకటించాడు. 'మా వార్డులో చెత్త కాల్చే కేంద్రం వద్దు' అన్న సుగినామి వార్డు వాళ్ళ చెత్త లారీలను కోతో వాళ్ళు రోడ్డుకి అడ్డం పడి ఆపేశారు. మీ చెత్త మీరే చూసుకోండి అన్న గొడవ వార్డుల మధ్య మొదలై, చివరికి నా బ్యాగు జిప్పు దగ్గర తేలింది. యుమెనోషిమాలో ఇప్పుడు పార్కు ఉంది, పక్కనున్న చెత్త కేంద్రం వేడితో నడిచే అద్దాల తోట ఉంది. ఆ ఈగల మీద గెలిచింది టోక్యో జనం శుభ్రత ఒక్కటే కాదు. కొట్లాట, లారీలు, కొలిమి, బోలెడంత డబ్బు. మా బాబాయి ఫార్వర్డ్‌లో ఈ భాగం ఎప్పుడూ ఉండదు.

మా హైదరాబాద్‌లో కూడా రోడ్ల మీది పెద్ద డబ్బాలు చాలావరకు తీసేశారు. అయినా మావాళ్ళు విశ్వాసం గలవాళ్ళు. డబ్బా పోయినా అది ఉండిన స్థలాన్ని వదల్లేదు. సరిగ్గా అక్కడికే, కొలిచినట్టు, కవరు గిరాటేసి పోతారు. కాబట్టి తమరిని తీసేస్తే జనం బాగుపడతారని ఎవరైనా అంటే నమ్మకండి. విదేశీ యాత్రికులకి జపాన్‌లో ఏది ఇబ్బందని అక్కడి టూరిజం వాళ్ళు సర్వే చేస్తే మొదటి స్థానం తమరి లోటుకే దక్కింది. తమరి కోసం ఇంతమంది బెంగ పెట్టుకున్నారు, కాస్త దయ చూపండి.

ఈ ఉత్తరం నిషి-కసాయ్‌లో మా పెదనాన్న కూతురి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. మనవాళ్ళు చాలామంది ఉండే పేట, తోజాయ్ లైన్ మీద. పప్పు, అన్నం పెట్టాక నా బ్యాగు సంగతి విని అక్క నేల మీద పేపరు పరిచి కూర్చుంది. ఫ్రిజ్ మీద చెత్త క్యాలెండర్ అతికించి ఉంది, ఏ రోజు ఏది బయట పెట్టాలో.

"సీసా అలాగే పడేస్తావేంట్రా? మూత తియ్. లేబుల్ చింపు. ఇప్పుడు కడుగు."

"చెత్తని కడగాలా అక్కా?"

"మరి? కాలేది ఒక కవరు, కాలనిది ఒక కవరు. రేపు సీసాలు తీసుకెళ్ళరు, బాల్కనీలో పెట్టు. ఆ టిష్యూలు పారేయకు, నేను వాడుకుంటాను."

బావగారు మాత్రం టీ గ్లాసు చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నారు. పైన అతికించిన పల్చటి ప్లాస్టిక్ పొర, కింద కాగితం, మధ్యలో స్ట్రా ఇరుక్కుంది. అది ఏ రకం చెత్తో వాళ్ళిద్దరికీ ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. వార్డు వాళ్ళ పుస్తకం తీశారు.

ఇట్లు,
తమరి బదులు డ్యూటీ చేస్తున్న
ఒక బ్యాక్‌ప్యాకర్