ఊడిరాని కవచం

మా బావగారికి ఫొటోలంటే ఎంత ఇష్టమో చెప్పలేను గానీ, లెన్స్ మీద గీత పడుతుందంటే ఎంత భయమో మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుసు. కొత్త లెన్స్ పెట్టెలోంచి బయటికి వచ్చిన పది నిమిషాల్లోనే దాని ముందు యూవీ ఫిల్టర్, అంటే అతినీలలోహిత కిరణాల్ని ఆపే పలచటి గాజు, బిగించేశారు.

"లెన్స్ గాజుకి గీత పడితే అంతే సంగతులురా. ఫిల్టర్‌కి పడితే పారేసి ఇంకోటి వేసుకోవచ్చు" అన్నారు.

మాట సబబుగానే ఉంది. ఇసుక, ఉప్పునీటి తుంపర, చిన్నపిల్లల వేళ్లు ఉన్నచోట ఆ పలచటి గాజు నిజంగానే ఆదుకుంటుంది. వానకి తట్టుకునేలా తయారుచేసిన లెన్సుల్లో కూడా కొన్నిటికి ముందు ఫిల్టర్ పెడితేగానీ ఆ రక్షణ పూర్తికాదు. కాకపోతే యూవీ అన్న పేరుకి ఇప్పుడు పెద్దగా పనిలేదు. ఫిల్మ్ రోజుల్లో ఆ కిరణాల వల్ల దూరపు కొండలు నీలంగా మసకబారేవి. డిజిటల్ కెమెరాలో వాటిని చాలామటుకు ఆపే గాజు, వెలుగుని ఫొటోగా మార్చే సెన్సర్ ముందే ఉంటుంది. ఈ ముక్క బావకి చెప్పి చూశాను. "ఉంటే ఉండనీ, నష్టమేంటి?" అన్నారు.

హుడ్ సంగతి ఇంకా విచిత్రం. లెన్స్‌తోపాటు పూలరేకుల్లాంటి అంచులున్న ప్లాస్టిక్ హుడ్ ఒకటి వచ్చింది. పక్కనుంచి కొట్టే వెలుగుని ఆపి ఫొటో వెలిసిపోకుండా చూడటం దాని అసలు పని. కెమెరా గోడకో తలుపుకో గుద్దుకుంటే మొదటి దెబ్బ తినేదీ అదే. విరిగితే అది విరుగుతుంది, లెన్స్ బతికిపోతుంది. ఆ లెక్కన చూస్తే రక్షణకి ఫిల్టర్ కన్నా హుడ్డే మేలని నేనంటాను, ఎందుకంటే కిందపడినప్పుడు ఫిల్టర్ గాజు పగిలి ఆ పెంకులే లెన్స్‌ని గీరే ప్రమాదం ఉంది.

బావ ఆ హుడ్‌ని ఎప్పుడూ వెనక్కి తిప్పి తగిలిస్తారు. అలా పెడితే జూమ్ రింగు సగం దానికింద దాక్కుంటుంది, వేళ్లు దూర్చి తిప్పుకోవాలి.

"ముందుకి పెట్టండి బావా, దాని పనే అది."

"ముందుకి పెడితే హుడ్‌కి గీతలు పడవూ?"

నా దగ్గర జవాబు లేదు.

చివరికి అక్క పోరు పడలేక ఓరోజు ముందుకే తగిలించారు. ఇంట్లో అందరినీ నిలబెట్టి, కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ లేపి గ్రూప్ ఫొటో తీశారు. హుడ్ ఫ్లాష్‌కి అడ్డొచ్చింది. ఫలితంగా ముందు వరసలో వాళ్ల మోకాళ్ల మీద నల్లటి అర్ధచంద్రుడు ప్రత్యక్షమయ్యాడు. పైగా నాలుగు మూలలూ నల్లబడ్డాయి. రేకులు సరిగ్గా కుదురుకోకపోయినా మూలలు అలాగే పడతాయి గనక హుడ్ తీసి, మళ్లీ క్లిక్‌మనేదాకా తిప్పి పెట్టాం. నలుపు పోలేదు. "చూశావా, నేను ముందే చెప్పాను" అని బావ హుడ్‌ని మళ్లీ వెనక్కి తిప్పేశారు. అప్పుడూ పోలేదు గానీ, ఆ ఫొటోలు ఎవరూ శ్రద్ధగా చూడలేదు.

ఒక రాత్రి మేడ మీంచి వీధి దీపాల ఫొటో తీశారు. దీపాలు ఉండాల్సినచోట ఉన్నాయి. పైన ఆకాశంలో కూడా ఆకుపచ్చగా ఇంకో వరస, తలకిందులుగా ఉంది. అక్క కళ్లజోడు సర్దుకుని మరీ చూసింది. "ఏమండీ, పైన ఎవరున్నారు?"

ఎవరూ లేరు. సెన్సర్ మీద పడ్డ వెలుగులో కొంత వెనక్కి వచ్చి, ఫిల్టర్ గాజుకి తగిలి మళ్లీ లోపలికి పోతుంది. అదే ఆ తలకిందుల వరస. పూత లేని గాజు ఒక్కోవైపూ దాదాపు 4 శాతం వెలుగుని తిప్పికొడుతుంది. మంచి పూతలున్నదైతే 1 శాతం లోపే. బావ కొన్నది ఏ రకమో ఆ ఫొటోయే చెబుతోంది.

"ఫిల్టర్ తీసి ఇంకోటి తీయండి" అన్నాను.

ఫిల్టర్ రాలేదు.

లెన్స్ ముందు మర చాలా సన్నం, చుట్టు చుట్టుకీ మధ్య 0.75 మిల్లీమీటర్లే. కాస్త వంకరగా ఎక్కించినా, కోపంగా బిగించినా పట్టేస్తుంది. ఇత్తడి రింగు అంత తొందరగా పట్టదు గానీ ఇది అల్యూమినియం. బావ పళ్లు బిగబట్టి వేళ్లతో నొక్కి తిప్పారు. కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కారు. అసలు తిరకాసు అక్కడే ఉంది. రెండు వేళ్లతో ఎంత నొక్కితే రింగు అంత కోలగా వంగుతుంది, వంగినకొద్దీ మరలో ఇంకా బిగుసుకుంటుంది. కర్ణుడైనా కవచాన్ని కోసి ఇచ్చాడు, ఇక్కడ కోయడానికీ లేదు.

గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు వచ్చింది. వెడల్పాటి రబ్బరు బ్యాండు వచ్చింది. మేనల్లుడు చాలా ఉత్సాహంగా పట్టకారు పట్టుకొచ్చాడు. బావ కెమెరాని గుండెకి హత్తుకుని గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"బావా, చదునైన రబ్బరు ఏదైనా కావాలి. రింగు మొత్తం మీద ఒకేలా ఆనించి, నొక్కీ నొక్కనట్టు తిప్పితే వస్తుంది. కొత్త రబ్బరు చెప్పు ఉందా?"

"చెప్పా? నా లెన్స్‌కి చెప్పా?"

అక్క అప్పటికే కడిగి తుడిచి తెచ్చింది. అరికాలు వైపు లెన్స్ ముందు ఆనించి, నేను మెల్లగా తిప్పాను. బావ కళ్లు మూసుకున్నారు. చిన్న కిర్రుమన్న చప్పుడుతో రింగు కదిలింది. రెండు చుట్లు తిరిగి చేతిలోకి వచ్చింది. మేనల్లుడు చప్పట్లు కొట్టాడు.

నేను లెన్స్‌ని దీపం కింద పెట్టి చూశాను. గాజు శుభ్రంగా ఉంది. దాని చుట్టూ నల్లటి రింగు, రింగు మీద తెల్లటి అక్షరాలు: యూవీ, 77 మిల్లీమీటర్లు.

"బావా, ఇదేమిటి?"

బావ దగ్గరికొచ్చి తొంగిచూశారు. కాసేపు ఆలోచించారు.

"ఓ, అదా? అది అసలు ఫిల్టర్‌రా. దాని మీద గీత పడకూడదని పైన ఇంకోటి వేశాను."

ఫొటోల మూలలు ఇన్నాళ్లూ ఎందుకు నల్లబడ్డాయో అప్పుడు అర్థమైంది. పాపం, హుడ్ అనవసరంగా తిట్లు తింది. నేను వేళ్లతో మెల్లగా తిప్పి చూశాను. కదల్లేదు.

అక్క ఏమీ అనలేదు. లోపలికెళ్లి రెండో చెప్పు కూడా కడిగి తెచ్చింది.